ఒకే వ్యాసం, రెండు ఇంగ్లీషులు: సింపుల్ ఇంగ్లీష్ వికీపీడియాతో మా ఎనిమిది నెలల చదువు

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇంగ్లీషులో ఒక పేరా ఇచ్చి దాని కింద ప్రశ్నలు అడిగే అభ్యాసం కోసం వాళ్ల నాన్న ఫోనులో ఒక యాప్ పెట్టించారు. దాని పేరు ఇక్కడ అనవసరం. డబ్బు కట్టి తీసుకున్నదే. రోజుకు మూడు పేరాలు, ఒక్కో పేరాకు ఐదు ప్రశ్నలు, ప్రశ్నకు నాలుగు జవాబులు. రెండు నెలలు తిరిగేసరికి అమ్మాయి మార్కులు నూటికి ఎనభై దాటాయి. ఇంట్లో అందరూ సంతోషించారు. నాకు మాత్రం మనసులో ఏదో అనుమానం. అదే పిల్లను సైన్సు పుస్తకంలో ఒక పేజీ చదివి అందులో ఏముందో చెప్పమంటే, పేజీ వైపు చూస్తూ ఉండిపోయేది.

నేను ప్రూఫ్ రీడర్‌ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చదవడమే నా ఉద్యోగం. కంటితో చదవడానికీ మనసుతో చదవడానికీ ఎంత తేడా ఉందో నాకు రోజూ అనుభవమే. ఒక ఆదివారం ఆ యాప్ తెరిచి, పేరా మీద అట్టముక్క అడ్డం పెట్టి, "ప్రశ్నలు మాత్రమే చూసి జవాబులు పెట్టు" అన్నాను.

"పేరా చదవకుండా ఎలా పిన్నీ?" అంది.

అయినా పెట్టింది. ఐదింటిలో నాలుగు సరిపోయాయి. ఇంకో పేరా తీస్తే మూడు. ఎలా తెలిసిందని అడిగితే దాచకుండా చెప్పింది. తేనెటీగలు పూల దగ్గరికి మకరందం కోసమే వెళ్తాయని ఎవరికైనా తెలుసు కదా అంది. తెలియని చోట అన్నింటికన్నా పొడుగ్గా ఉన్న జవాబు పెడుతుందట. "ఎప్పుడూ", "అందరూ" అనే మాటలున్న జవాబు సాధారణంగా తప్పవుతుందని తనంతట తానే కనిపెట్టిందట. తెలివైన పిల్ల. ఆ తెలివి అంతా చదవకుండా తప్పించుకోవడానికే ఖర్చవుతున్నందుకు నాకు బాధ కలిగింది.

ఇది ఒక్క యాప్‌కున్న జబ్బు కాదు. చదవడాన్ని కొలవడానికి అమెరికాలో బాగా వాడుకలో ఉన్న గ్రే ఓరల్ రీడింగ్ టెస్టును జానిస్ కీనన్, రెబెకా బెట్జెమాన్ అనే పరిశోధకులు ఇలాగే పరీక్షించి 2006లో ఆ వివరాలు ప్రచురించారు. అసలు పేరాలే చూపకుండా ప్రశ్నలు ఇచ్చినా, చాలా వాటికి గుడ్డిగా ఊహిస్తే వచ్చేదానికన్నా ఎక్కువ సరైన జవాబులు వచ్చాయి. ఆ లెక్కన జవాబు సరిపోవడం ఒకటి, చదివింది అర్థం కావడం ఇంకొకటి.

ఆ సాయంత్రమే యాప్ మాన్పించి, సింపుల్ ఇంగ్లీష్ వికీపీడియా తెరిచాను. ఎనిమిది నెలలుగా, వారానికి నాలుగు రోజులు, రోజుకు నలభై నిమిషాలు దానితోనే గడుపుతున్నాం. ఈ సమీక్ష దాని గురించే.

ఇది మనకు తెలిసిన ఇంగ్లీషు వికీపీడియాకు చెల్లెలు లాంటిది. 2001లో మొదలైంది. ఇప్పుడు రెండున్నర లక్షలకు పైగా వ్యాసాలున్నాయి. పిల్లలు, ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకునేవాళ్లు, చదవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు వీటిని చదువుతారని రాసేవాళ్లు ముందే గుర్తుపెట్టుకుంటారు. వాక్యం చిన్నగా ఉండాలి, జాతీయాలు వాడకూడదు, తేలిక మాట దొరికితే బరువైన మాట వేయకూడదు అని అక్కడ రాసేవాళ్లకు సూచనలున్నాయి. సైటులోని మీటల పేర్లలో కూడా అదే శ్రద్ధ కనిపిస్తుంది. పెద్ద వికీపీడియాలో "ఎడిట్" అని ఉండే చోట ఇక్కడ "చేంజ్" అని ఉంటుంది. అంత చిన్న విషయాన్ని కూడా ఎవరో ఆలోచించి మార్చారని తెలిసినప్పుడు నా వృత్తిలోని మనిషిగా మనసారా ఆనందించాను. డబ్బు కట్టనక్కర్లేదు, ప్రకటనలు లేవు, పేరు నమోదు చేసుకోమని అడగదు.

కానీ నేను దీన్ని ఎంచుకున్నది సులువుగా ఉందని కాదు. ఒకే విషయం మీద రెండు మెట్లు దొరుకుతాయని. భాషల జాబితాలోకి వెళ్లి ఒక్కసారి నొక్కితే అదే విషయం మీద పెద్ద ఇంగ్లీషు వ్యాసం వస్తుంది. చాలా విషయాలకు తెలుగు వికీపీడియా వ్యాసం కూడా అక్కడే ఉంటుంది. తెలుగు, సరళమైన ఇంగ్లీషు, పూర్తి ఇంగ్లీషు. ఇవి చాలావరకు ఒకదానికొకటి మాటకు మాట అనువాదాలు కావు. అందువల్ల ఈ వాక్యానికి ఆ వాక్యం అని జతచేసుకుంటూ పోవడం కుదరదు. విషయం బుర్రకెక్కితేనే అక్కడిది ఇక్కడ పోల్చుకోగలరు. మా పనికి ఇదే కావలసింది.

మొదటి రోజు చదరంగం మీద పేజీ తీసుకున్నాం, ఎందుకంటే ఆ పిల్లకు చదరంగమంటే ప్రాణం. రెండు వ్యాసాల నుంచీ చెరో మూడు వందల పదాల భాగం ప్రింటు తీశాను. పెన్సిలు చేతికిచ్చి తెలియని మాట కింద గీత గీయమన్నాను. పెద్ద వ్యాసంలో నలభై ఒక్క గీతలు పడ్డాయి, చిన్న దానిలో తొమ్మిది. అంటే నూటికి పద్నాలుగు ఒకచోట, మూడు ఇంకోచోట. ఈ లెక్క సరదాకి వేసింది కాదు. హూ, పాల్ నేషన్ అనే ఇద్దరు 2000లో ప్రచురించిన పరిశోధనలో, నూటికి ఎనభై పదాలు మాత్రమే తెలిసిన విద్యార్థుల్లో ఒక్కరికీ చదివిన కథ సరిగ్గా అర్థం కాలేదు. ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదవాలంటే నూటికి తొంభై ఎనిమిది దాకా తెలిసి ఉండాలని వాళ్లు తేల్చారు. నూటికి రెండే తెలియని మాటలు! పిల్లల చేతిలో మనం పెట్టే పుస్తకాలను ఈ కొలతతో ఒక్కసారి కొలిచి చూడండి. చదవడం లేదని వాళ్లను కోప్పడటం మానేస్తాం.

ఆ నలభై ఒక్క గీతలున్న భాగం కూడా ఆమెకు కొంత అర్థమైందని చెప్పాలి. గుర్రం ఎలా దూకుతుందో, రాజును ఎప్పుడు కోటలోకి పంపాలో ముందే తెలుసు కాబట్టి ఖాళీలు తానే పూరించుకుంది. మర్నాడు అగ్నిపర్వతాల మీద చిన్న వ్యాసమే ఇచ్చాను, గీతలు తక్కువే పడ్డాయి, కానీ చెప్పమంటే తడబడింది. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు బేస్‌బాల్ ఆట గురించిన కథనాన్ని బడిపిల్లల చేత చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకన్నా బాగా అర్థం చేసుకున్నారు. మా ఇంట్లో అదే జరిగింది, చదరంగంతో. అందుకే ఒక విషయాన్ని పట్టుకుంటే రెండు వారాలు అందులోనే ఉండాలని నిర్ణయించుకున్నాను. అగ్నిపర్వతం నుంచి భూకంపానికి, అక్కడి నుంచి భూమి పొరలకు, ఖండాల కదలికకు. నాలుగో వ్యాసానికి వచ్చేసరికి సగం మాటలు పాత పరిచయాలే. రోజుకొక కొత్త విషయం మీద పేరా వడ్డించే యాప్‌లలో ఈ వీలు ఉండదు.

ఇక అసలు చిక్కు ఎక్కడుందో చెబుతాను. అది పెద్ద మాటల్లో లేదు.

చంద్రుడి మీద చదువుతున్న రోజు. చంద్రుడు ప్రకాశంగా కనిపిస్తున్నా అతనికి సొంత వెలుగు లేదు అని చెప్పే వాక్యం. ఒక్క మాట కింద కూడా గీత లేదు. పేజీ మూసి తెలుగులో చెప్పమన్నాను. "చంద్రుడు బాగా వెలుగుతాడు. తర్వాత వెలుగు గురించే ఇంకేదో ఉంది" అంది. అన్ని మాటలూ తెలిసి, వాక్యం మాత్రం జారిపోయింది! పేజీ మళ్లీ తెరిపించి వేలితో చదివించాను. వాక్యం మొదట్లో ఉన్న "ఆల్‌దో" అనే మాట మీద వేలు ఆగకుండా వెళ్లిపోయింది. అర్థం తెలుసా అంటే తెలుసంది, డిక్షనరీలో ఉన్నట్టే "అయినప్పటికీ" అని అప్పజెప్పింది.

అప్పుడు నాకు వెలిగింది. తెలుగులో ఈ పని చేసేది ఒక్క "నా". "కనిపిస్తున్నా" అని క్రియ చివర దాన్ని తగిలిస్తాం. అక్కడికి వచ్చాక మలుపు ఉందని మనకు తెలుస్తుంది. ఇంగ్లీషువాళ్లు ఆ మలుపు సంగతి వాక్యం మొదట్లోనే చెప్పి పెడతారు. మన పిల్లల కన్ను మొదటి మాటను ఏదో అలంకారం అనుకుని దాటిపోతుంది. క్రియ దగ్గరికి వచ్చేసరికి "నా" కనిపించదు. రెండు విషయాలు పక్కపక్కన పడి ఉంటాయి, మధ్యలో వంతెన ఉండదు.

ఆ రోజు నుంచి పెన్సిలుకు కొత్త పని పెట్టాం. "ఆల్‌దో" కనిపిస్తే చుట్టూ గడి గీసి, అక్కడి నుంచి క్రియ దాకా బాణం గీసి, క్రియ పైన చిన్నగా "నా" అని రాయడం. "అన్‌లెస్" ఉంటే క్రియ మీద "తే తప్ప". "అన్‌టిల్" ఉంటే "దాకా". "విచ్" వస్తే బాణం వెనక్కి తిరుగుతుంది. "ఇతర పావుల మీదుగా దూకగల పావు" అని మనం వర్ణనంతా ముందు చెప్పి తర్వాత వస్తువును చూపిస్తాం. వాళ్లు పావును ముందు పెట్టి వర్ణన తర్వాత తెస్తారు. మూడు వారాలు ఇలా గీశాక ఒకనాడు తానే అంది, "పిన్నీ, వాళ్ల వాక్యం మన వాక్యానికి అద్దంలో బొమ్మలా ఉంది" అని. ఏ వ్యాకరణ పుస్తకం తెరవకుండా తాను పట్టుకున్న మాట అది. సరళమైన ఇంగ్లీషు విలువ ఇక్కడ తెలుస్తుంది. మాటలు తెలిసినవే కావడం వల్ల ఎముకల గూడు బయటికి కనిపిస్తుంది. మాటలే తెలియని చోట గూటిని ఎవరు చూస్తారు?

అయితే సరళం అన్నంత మాత్రాన తేలిక అనుకోవద్దు. 1930లో చార్లెస్ కే ఆగ్డెన్ 850 మాటలతో బేసిక్ ఇంగ్లీష్ అనే చిన్న భాషను తయారుచేశారు. సింపుల్ వికీపీడియా రాసేవాళ్లు చూసుకునే జాబితాల్లో అది ముఖ్యమైనది. అందులో క్రియలు పద్దెనిమిదే. కమ్, గెట్, గివ్, గో, పుట్, టేక్ లాంటివి. అంత తక్కువ క్రియలతో లోకమంతా చెప్పాలంటే వాటికి చిన్నచిన్న తోకలు తగిలించక తప్పదు. "గివ్" తెలిసిన పిల్లకు, "అప్" తెలిసిన పిల్లకు, "గివ్ అప్" తెలియాలని లేదు. మన "చేయి చేసుకోవడం", "కాలు దువ్వడం" ఇలాంటివే కదా. చేయి తెలిసినా, చేసుకోవడం తెలిసినా కొట్టడం అని ఎలా తెలుస్తుంది? కిరణజన్య సంయోగక్రియకు ఇంగ్లీషు మాట ఎంత పొడుగున్నా మా పిల్ల దాని దగ్గర ఎన్నడూ ఆగలేదు. "టేక్ ఇన్", "మేక్ అప్" లాంటి వాటి దగ్గరే ఆగింది, ముఖ్యంగా ఆ రెండోది అలంకరణ అనుకుని. వీటికి వేరే నోటుపుస్తకం పెట్టాం. చిన్న ఇంగ్లీషు చదివించే పెద్దలు ఈ తోకల మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి.

ప్రశ్నలు ఈ సైటులో ఉండవు. విజ్ఞాన సర్వస్వం కాబట్టి ఉండాల్సిన అవసరమూ లేదు. వాటిని నేనే రాస్తాను. మీకు అంత తీరిక లేకపోతే ఇది మీకు సగమే పనికొస్తుంది, ఆ మాట ముందే చెప్పడం న్యాయం. నా ప్రశ్నలకు నియమం ఒక్కటే: అట్టముక్క పరీక్ష. పేరాను మూసి, ప్రశ్న మాత్రం చదివి జవాబు చెప్పగలిగితే ఆ ప్రశ్న కొట్టేస్తాను. ఆక్టోపస్ వ్యాసం చదివిన రోజున "ఆక్టోపస్‌కు ఎన్ని గుండెలు?" అని మొదట రాసుకున్నాను. మూడని ఆమెకు ఏనాడో తెలుసు. కొట్టేసి ఇలా అడిగాను: ఈ పేరాలో మూడో వాక్యంలోని "దే" ఎవరు, గుండెలా, మొప్పలా? రెండో వాక్యం తీసేస్తే ఏ వాక్యం అర్థం కాకుండా పోతుంది? రచయిత చెప్పకపోయినా చెప్పినట్టు నీకు అనిపించిన విషయం ఏది? ఈ చివరి ప్రశ్నే అన్నింటికన్నా మంచిది. దాని ముందు ఆమె పది నిమిషాలు కూర్చుంటుంది. పదిహేనేళ్ల పిల్లలకు దేశదేశాల్లో జరిగే పీసా పరీక్ష కూడా చదవడాన్ని సమాచారం వెతకడం, అర్థం చేసుకోవడం, విలువ కట్టి ఆలోచించడం అని మూడుగా చూస్తుంది. మన అభ్యాస పుస్తకాల్లో నేను చూసినంతవరకు మొదటిదే ఎక్కువ.

ప్రశ్నలకన్నా ముందు చేసే పని ఇంకొకటుంది. పేజీ తిరగేసి పెట్టి, చదివిందంతా తెలుగులో చెప్పడం. ఇంగ్లీషు చదువులో తెలుగు ఎందుకని వాళ్ల నాన్న అడిగారు. ఇంగ్లీషులో చెప్పమంటే పిల్ల చదివిన వాక్యాన్నే తిరిగి అప్పజెబుతుంది, అర్థమైందో లేదో నాకు తెలియదు, ఆమెకూ తెలియదు. తెలుగులో చెప్పాలంటే వాక్యాన్ని విప్పి మళ్లీ కట్టాలి. ఎక్కడ అర్థం కాలేదో అక్కడ గొంతు ఆగిపోతుంది. చూడకుండా గుర్తుచేసుకోవడం మళ్లీ మళ్లీ చదవడం కన్నా ఎక్కువ కాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగాల్లో చూపించారు. వారం తర్వాత పరీక్షిస్తే తేడా స్పష్టంగా కనిపించింది. మేం కూడా శనివారం నాడు ఆ వారం చదివినవన్నీ ఒకసారి నోటితో చెప్పించుకుంటాం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కొన్ని మాటలు. ఈ సైటులో బాగా పరిశీలించి "చాలా మంచి వ్యాసం" అని గుర్తు పెట్టినవి కొద్దిసంఖ్యలో ఉన్నాయి, వాటితో మొదలుపెట్టండి. చాలా వ్యాసాలు రెండు మూడు వాక్యాలతోనే ఆగిపోతాయి, వాటితో అభ్యాసం కుదరదు. కొన్నిటి పైన "ఇంకా సరళం చేయాలి" అన్న సూచన ఉంటుంది, అది చూసి పక్కన పెట్టడమే మేలు. ఎవరైనా రాయగల చోటు కాబట్టి అంకెలను పాఠ్యపుస్తకంతో సరిచూసుకోవాలి. తేడా వస్తే అదీ ఒక పాఠమే. ఫోనులో కాకుండా కాగితం మీద చదివించండి, నీలిరంగు లింకులు పిల్లలను ఒక పేజీ నుంచి పది పేజీలకు లాక్కుపోతాయి. ముద్రించుకోవడానికి వీలైన పేజీ పక్క మెనూలోనే ఉంది.

ఇందులో దొరకనిది కథ. విజ్ఞాన సర్వస్వంలో కోపం, వెటకారం, చెప్పీ చెప్పకుండా వదిలేయడం ఉండవు. ఒక పాత్ర "పర్వాలేదులే" అంటే నిజంగా పర్వాలేదా అని పసిగట్టే చదువు దీనితో రాదు. దానికి ఆదివారాలు కథల పుస్తకాలు వేరుగా చదువుతోంది. వచ్చే నెలలో పరీక్ష పెట్టుకున్నవాళ్లకు కూడా దీన్ని సిఫారసు చేయను, గడియారం చూసుకుంటూ జవాబులు గుర్తించే వేగం వేరే సాధన. ఐదుకు ఎన్ని ఇస్తావని ఎవరైనా అడిగితే నాలుగు ఇస్తాను. మిగిలిన ఒక్కటి పక్కన కూర్చునే మనిషిది.

మార్కుల సంగతి కూడా చెప్పాలి. పోయిన నెలలో ఆ పాత యాప్ మళ్లీ తెరిచి చూశాం. అదే ఎనభై. ఏమీ పెరగలేదు. కానీ ఇప్పుడు తప్పయిన జవాబు దగ్గర ఆగి, పేరాలో ఏ వాక్యం తనను పక్కదారి పట్టించిందో వేలు పెట్టి చూపిస్తోంది. చదరంగం మీద ఆ పెద్ద వ్యాసం అదే మూడు వందల పదాలు కొత్త కాగితం మీద ఇచ్చాను. నలభై ఒకటి పదహారు అయ్యాయి. ఆ పదహారింటిలోనూ ఐదింటి అర్థం చుట్టుపక్కల వాక్యాల నుంచి ఊహించి చెప్పింది, నాలుగు సరిపోయాయి.

ఈ వారం చదరంగం గురించి ఒక చిన్న పేజీ చదువుతూ మధ్యలో ఆగింది. బంటు ఇంకో పావును తీసుకునేటప్పుడు "అది" మూలగా కదులుతుంది అని ఉంది. "ఏది పిన్నీ? బంటా, పోయిన పావా? ఆట తెలిసినవాళ్లకు తెలుసు. తెలియనివాళ్లు చదివితే?" అంది. ఇరవై రెండేళ్లుగా నేను అచ్చు కాగితాల అంచున పెడుతున్న ప్రశ్న అదే. ఏం చేయాలో నేను చెప్పలేదు. తానే "చేంజ్" నొక్కి, "ఇట్" తీసేసి, ఆ స్థానంలో "ద పాన్" అని రాసింది. ఎందుకు మార్చావని అడిగే చిన్న గడిలో ఏమి రాయాలా అని చాలాసేపు ఆలోచించింది. మర్నాడు బడి నుంచి రాగానే పుస్తకాల సంచి కూడా దించకుండా ఆ పేజీ తెరిచి, తన మాట ఉందా లేదా అని చూసుకుంది. ఉంది.